తీగ తెంచినా మోగే గంట

మీ పాఠశాల ప్రయోగశాలలో విద్యుత్ గంటను చూసే ఉంటారు. మీట నొక్కితే తీగలో విద్యుత్తు ప్రవహిస్తుంది, సుత్తి వెళ్ళి గంటను కొడుతుంది. మరి మధ్యలో తీగను కత్తిరించేస్తే? మోగదు. ఇది చెప్పడానికి సైన్సు మాస్టారు అక్కర్లేదు, ఒకటో తరగతి పిల్లవాడు చాలు.

కాని మన తలలో ఒక విచిత్రమైన గంట ఉంది. వైద్యులు శస్త్రచికిత్స చేసి దాని తీగను తెంచివేసిన తరువాత కూడా అది మోగుతూనే ఉండవచ్చు. పగలనక రాత్రనక మోగుతుంది. పక్కనే కూర్చున్నవారికి వినిపించదు. ఎవరి తలలో మోగుతుందో వారికి మాత్రమే వినిపిస్తుంది. అదీ, ఏ చెవి పూర్తిగా వినికిడి కోల్పోయిందో సరిగ్గా ఆ చెవిలోనే!

ఇది కట్టుకథ కాదు. మెదడు దగ్గర శస్త్రచికిత్స చేయించుకున్న కొందరు ఏళ్ళ తరబడి అనుభవిస్తున్న బాధ. వైద్యశాస్త్రంలో దీనిని టిన్నిటస్ అంటారు. గంట మోగడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఈ పేరు వచ్చింది. మన ఇళ్ళలో చెవిలో హోరు అంటారు, గుయ్యిమంటోందంటారు. సుశ్రుత సంహితలో చెవి జబ్బులను వరుసగా చెప్పిన చోట కర్ణనాదం అనే పేరు కనబడుతుంది. కాబట్టి బాధ కొత్తది కాదు.

దీని రుచి కాస్తయినా చూడనివారు మీలో ఉండరు. దీపావళి రాత్రి చెవి పక్కనే బాంబు పేలితే కాసేపు గుయ్యిమంటుంది కదా, అదే ఇది. తెల్లారేసరికి తగ్గిపోతుంది గనుక మరచిపోతాం. అసలు బాంబు కూడా అక్కర్లేదు. 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. వినికిడి సవ్యంగా ఉన్న 80 మందిని ఒక్కొక్కరినే బయటి శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, ఏమేం వినిపిస్తాయో రాయమన్నారు. గదిలో ఏ శబ్దమూ లేదు. అయినా నూటికి 94 మంది ఏదో ఒకటి విన్నామన్నారు: సన్నని ఈల, తుమ్మెద ఝంకారం, హోరు. అంటే మన తలలో ఎప్పుడూ కొంత రొద ఉండనే ఉంది. బయటి ప్రపంచపు సందడి దానిని కప్పివేస్తోంది, అంతే.

వినేది చెవి కాదు

తీగ తెంచినా గంట ఎందుకు మోగుతుందో తెలియాలంటే, చెవి ఎంతవరకు పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి. శబ్ద తరంగాలు వెలుపలి చెవి గుండా పోయి కర్ణభేరిని కదిలిస్తాయి. కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి అందిస్తాయి. ఇదంతా మీరు చదివిందే. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకొని ఉన్న గొట్టం పేరు కర్ణావర్తం. చుట్టలు విప్పి సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ బొటనవేలి పైకణుపు కన్నా కాస్త ఎక్కువ. అందులో దాదాపు 15,000 రోమ కణాలున్నాయి. కర్ణావర్తం మొదట్లో ఉన్న కణాలు కీచు శబ్దాలకు, చివరనున్నవి బొంగురు శబ్దాలకు స్పందిస్తాయి. శబ్దం కర్ణావర్తంలో ఎలా ప్రయాణిస్తుందో కనిపెట్టినందుకు గేయార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడివరకు జరిగిందంతా కదలిక. రోమ కణం వంగగానే అది విద్యుత్ సంకేతంగా మారుతుంది. సుమారు 30,000 తంతువులున్న శ్రవణ నాడి ఆ సంకేతాలను మెదడు కాండానికి చేరవేస్తుంది. అక్కడ కొన్ని మజిలీలు చేసుకుంటూ అవి కణతల లోపలి మెదడు భాగానికి చేరుతాయి. అప్పుడు గాని 'విన్నాను' అనే అనుభవం కలగదు. చెవి ఉత్తరం పోస్టు చేస్తుంది. చదివేది మెదడు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతా కథ అంతా దీని మీదే నడుస్తుంది.

తీగ ఎందుకు తెంచాలి?

చెవి నుంచి మెదడుకు పోయే ఎనిమిదవ కపాల నాడిలో నిజానికి రెండు భాగాలున్నాయి. ఒకటి వినికిడికి, రెండోది శరీర సమతాస్థితికి. ఎముకలో ఒక సెంటీమీటరు పొడవున్న ఇరుకు సందులో నుంచి ఇవి రెండూ పోతాయి. ముఖ కండరాలను కదిలించే నాడి కూడా వాటితో కలిసే ప్రయాణిస్తుంది. నాడి తంతువులకు తొడుగు వేసే ష్వాన్ కణాలు కొందరిలో అవసరానికి మించి పెరిగి గడ్డ కడతాయి. ఇది సాధారణంగా సమతాస్థితి నాడి మీద పుడుతుంది. క్యాన్సరు కాదు, ఇతర అవయవాలకు పాకదు, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి బయటపడుతుంది. కాని పెరిగే చోటు చెడ్డది. ఇరుకు సందులో నాడులను నొక్కి, ఆ తరువాత బయటికి వచ్చి మెదడు కాండం మీద ఒత్తిడి తెస్తే ప్రాణానికే ముప్పు.

చిన్న గడ్డలను ఏడాదికోసారి ఎం.ఆర్.ఐ. తీసి కనిపెట్టుకుని ఉంటే చాలు. కొన్నింటి ఎదుగుదలను రేడియేషన్‌తో ఆపుతారు. పెద్దవాటిని మాత్రం కపాలం తెరిచి తీయక తప్పదు. గంటల తరబడి సూక్ష్మదర్శిని కింద చేసే పని ఇది. గడ్డను చేరడానికి ఒక దారి లోపలి చెవి గుండానే పోతుంది. ఆ దారిన పోతే ఆ చెవి వినికిడి పూర్తిగా పోతుంది. మిగతా దారులలో వినికిడిని కాపాడాలని ప్రయత్నిస్తారు గాని, నాడి గడ్డకు అంటుకొని ఉంటే ఎంత నేర్పున్న సర్జనుకైనా అన్నిసార్లూ సాధ్యం కాదు. ప్రాణం, ఆ తరువాత ముఖ నాడి, ఆ తరువాతే వినికిడి. ఈ వరుస న్యాయమైనదే.

ఈ గడ్డ ఉన్నవారిలో ఎక్కువమందికి శస్త్రచికిత్సకు ముందే ఆ చెవిలో మోత ఉంటుంది. 'గడ్డ పోతుంది, నాడి కూడా పోతుంది, ఇక మోత ఎక్కడి నుంచి వస్తుంది?' అని వారు ఆశపడడం సహజం. కొందరికి తగ్గుతుంది కూడా. కొందరికి ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మరికొందరికి పెరుగుతుంది, అంతకుముందు లేనివారికి కొత్తగా మొదలైన సందర్భాలూ ఉన్నాయి. గడ్డ లేకపోయినా, మోత భరించలేని కొందరికి గత శతాబ్దంలో సర్జన్లు శ్రవణ నాడిని తెంచి చూశారు. చెవి మూగబోయింది. మోత మాత్రం చాలామందిలో పోలేదు.

లేని కాలికి నొప్పి

ఇలాంటి వింత శరీరంలో ఇదొక్కటే కాదు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న సైనికులకు వైద్యం చేసిన సైలాస్ వైర్ మిచెల్, లేని కాలు నొప్పి పుడుతోందని, లేని చేతి వేళ్ళు బిగుసుకుపోతున్నాయని వాళ్ళు చెప్పడం విన్నాడు. 1871లో దానికి మాయా అవయవం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. కాలు పోయింది. కాలి కోసం మెదడులో కేటాయించిన స్థలం పోలేదు. నాడి తెగిన చెవిలో వినిపించే మోత కూడా ఇటువంటిదే. దానిని మాయా శబ్దం అనవచ్చు.

మెదడు శబ్దాన్ని ఎందుకు పుట్టిస్తుంది? పాత రేడియో చూసినవారికి ఇది తేలిగ్గా తెలుస్తుంది. స్టేషను సన్నగా వినిపిస్తుంటే మనం వాల్యూము పెంచుతాం. స్టేషను అసలే లేనప్పుడు వాల్యూము పెంచితే? బుస్సుమనే రొద గదంతా నిండుతుంది. ఆ రొద ఏ ఆకాశవాణి కేంద్రమూ పంపింది కాదు. చెవి నుంచి సంకేతాలు రావడం ఆగిపోతే మెదడులోని వినికిడి కేంద్రాలు కూడా ఇలాగే తమ వాల్యూము పెంచుకుంటాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. నాడీ కణాలు ఊరికే ఉన్నప్పుడు కూడా అడపాదడపా సంకేతాలు వదులుతూనే ఉంటాయి. పెంచిన వాల్యూములో ఆ చిల్లర సంకేతాలే మోతగా వినిపిస్తాయి.

మోత మెదడులోనే ఉందనడానికి నాకు అన్నిటికన్నా బలంగా తోచే రుజువులు రెండున్నాయి. ఒకటి: ఈ శస్త్రచికిత్స అయినవారిలో కొందరు కళ్ళను పక్కకు తిప్పితే మోత హెచ్చుతుంది, లేదా శ్రుతి మారుతుంది. తల కదలదు, చెవి కదలదు, కళ్ళు మాత్రమే కదులుతాయి! చెవికీ కంటి కండరాలకూ చెవి దగ్గర సంబంధమేమీ లేదు. మెదడులో మాత్రం ఈ రెండు పనుల కేంద్రాలూ ఇరుగుపొరుగున ఉన్నాయి. ఖాళీ అయిన ఇంట్లోకి పక్కింటి సందడి చొరబడినట్టు, కంటి కదలికల సంకేతాలు వినికిడి కేంద్రాలలోకి చొరబడుతున్నాయన్నమాట. రెండోది: ఎడమ చెవిలో ఉన్న మోతను కుడి చెవిలో వినిపించిన శబ్దంతో కూడా చాలామందిలో కప్పివేయవచ్చు. జర్మనీకి చెందిన ఫెల్డ్‌మన్ దీనిని 1971లో చూపించాడు. మోత ఎడమ చెవిలోనే పుడుతుంటే ఇది జరిగే పనేనా?

ఇప్పుడు మన ఇళ్ళలో చేసే ఒక పనిని గురించి చెప్పాలి. చెవిలో హోరు అనగానే వెల్లుల్లి వేసి కాచిన నూనెను చెవిలో పోసేవారు ఇంకా ఉన్నారు. శస్త్రచికిత్స అయిన చెవిలో నూనె గాని, నీరు గాని, మరే చిట్కా మందు గాని వేయకూడదు. ప్రమాదం సంగతి అలా ఉంచినా, శబ్దం పుట్టే చోటు అది కాదు. వీధిలో దీపం వెలగకపోతే ఇంట్లో బల్బు తుడిచినట్టుంటుంది.

బాధ శబ్దంలో లేదు

ఈ మోత ఎంత పెద్దదో కొలవవచ్చా? కొలవవచ్చు. రెండో చెవికి యంత్రంతో రకరకాల శబ్దాలు వినిపిస్తూ, 'మీ మోత దీనితో సమానమా?' అని అడుగుతారు. చాలామందిలో అది వారు వినగలిగే అతి చిన్న శబ్దం కన్నా కొద్ది డెసిబెల్‌లు మాత్రమే ఎక్కువని తేలుతుంది. ఆకుల గలగల అంత! ఇది చూసి, 'ఇంత చిన్న శబ్దానికా ఇంత బాధ?' అని పెదవి విరిచినవారున్నారు. అది పొరపాటు. కొలత సరైనదే, బాధా నిజమే. అలాగైతే బాధ శబ్దపు పరిమాణంలో కాక మరెక్కడో ఉండాలి గదా?

కాజీపేటలోనో బెజవాడలోనో రైల్వే క్వార్టర్లలో ఉండే మీ బంధువుల ఇంటికి ఎప్పుడైనా వెళ్ళారా? మొదటి రాత్రి ప్రతి రైలుకూ మీరు ఉలిక్కిపడి లేస్తారు. ఇంటివాళ్ళు హాయిగా నిద్రపోతుంటారు. వాళ్ళ చెవులు చెడిపోలేదు. పక్కలో ఉన్న పసిబిడ్డ కాస్త మూలిగితే ఆ తల్లి చటుక్కున లేస్తుంది! మెదడు ప్రతి శబ్దానికీ ఒక చీటీ అంటిస్తుంది: ఇది ముఖ్యం, ఇది కాదు. రైలు కూతకు 'ముఖ్యం కాదు' అనే చీటీ పడింది. చీటీ వేయడంలో మెదడులోని భయం, ఆవేశం వంటి భావాల కేంద్రాలకు పెద్ద పాత్ర ఉంది. తలకు శస్త్రచికిత్స అయి ఆసుపత్రిలో పడుకొని ఉన్న మనిషికి వినిపించే కొత్త మోతకు ఏ చీటీ పడుతుందో ఊహించండి. 'గడ్డ మళ్ళీ వచ్చిందేమో! మెదడుకు ఏమైనా అయిందేమో!' ప్రమాద సూచన అనే చీటీ పడిన శబ్దాన్ని మెదడు ఒక్క క్షణమైనా వదిలిపెట్టదు. దాని మీదే కాపలా కాస్తుంది. కాపలా కాసినకొద్దీ అది పెద్దదవుతుంది. 1990లో జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని ఒక సిద్ధాంతంగా రూపొందించాడు. మోతను తీయలేకపోయినా దాని చీటీని మార్చవచ్చు అన్నది అందులోని సారాంశం.

నాతో కలిసి పనిచేసిన ఒక సాంఘిక శాస్త్రం టీచరుగారికి ఈ శస్త్రచికిత్సే జరిగింది. ఎడమ చెవి వినికిడి పోయి, ఆ చెవిలోనే కీచురాయి గొంతుతో మోత మిగిలింది. ఆమె తిరిగి బడికి రాగానే మేమంతా రోజూ పలకరించేవాళ్ళం, 'ఎలా ఉందమ్మా, హోరు తగ్గిందా?' అని. ఒక వారం చూసి ఆమె స్టాఫ్ రూములో అందరితో అన్నారు: "దయచేసి అది ఒక్కటి అడక్కండి మాస్టారూ. మీరు అడిగినప్పుడల్లా ఉందో లేదో నేను వెతికి చూసుకోవలసి వస్తోంది. వెతికితే ఉండనే ఉంటుంది." ఈ విషయం మీద నేను చదివిన పుస్తకాలలో కూడా ఇంత సూటిగా చెప్పిన మాట కనబడలేదు.

చీటీ మార్చడం ఎలా?

మొదటి సూత్రం: నిశ్శబ్దంలో ఉండకూడదు. చీకటి గదిలో అగ్గిపుల్ల వెలుగు ఎంత ప్రకాశంగా కనిపిస్తుందో, మిట్టమధ్యాహ్నం ఎండలో అదే పుల్ల వెలుగు ఎంతలా వెలవెలబోతుందో మీకు తెలుసు. ఓరెగాన్ రాష్ట్రంలో జాక్ వెర్నన్ అనే శాస్త్రజ్ఞుడి విషయంలో 1970ల నాటి సంగతి ఒకటి చెబుతారు. ఈ మోతతో బాధపడే ఒక వైద్యుడు అతనితో కలిసి పోర్ట్‌లాండ్ నగరంలో నడుస్తూ, నీళ్ళు చిమ్మే ఒక ఫౌంటెన్ దగ్గర ఆగి ఎంతకీ కదలలేదట. ఎందుకంటే అక్కడ మోత వినబడలేదు! వెర్నన్ ఆ తరువాత చెవికి తగిలించుకునే శబ్ద యంత్రాల మీద పనిచేశాడు. మనకు యంత్రం లేకపోయినా ఫ్యాను ఉంది, సన్నగా పెట్టిన రేడియో ఉంది, వాన శబ్దం వినిపించే సెల్‌ఫోను ఉంది. ఒక చెవి పోయినవారికి ఈ శబ్దం రెండో చెవి ద్వారానే అందుతుంది. ఫెల్డ్‌మన్ చూపింది ఇక్కడ పనికి వస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి: మోతను ముంచెత్తేంత పెద్దగా పెట్టకూడదు. మోత, బయటి శబ్దం రెండూ కలిసిపోయి వినబడాలి. ఉనికే తెలియకుండా కప్పేస్తే మెదడు దేనికి అలవాటు పడుతుంది? పైగా పెద్ద శబ్దం మిగిలిన ఒక్క చెవినీ పాడుచేస్తుంది.

నిద్ర చాలకపోయినా, ఆందోళన ఎక్కువైనా మోత పెరిగినట్టుంటుంది. కాబట్టి వేళకు పడుకోవడం, పగలు మనసుకు నచ్చిన పని చేతినిండా ఉండడం కూడా చికిత్సలో భాగాలే. మన టీచరుగారు పాఠం చెబుతున్నంతసేపూ మోత గుర్తుకే రాదని, ఆదివారం మధ్యాహ్నం మాత్రం కష్టమని అనేవారు. మోతను పూర్తిగా తీసివేసే మందు ఇంతవరకు లేదు. ఉందని పత్రికలలో ప్రకటనలిచ్చేవారిని నమ్మవద్దు. మోతను గురించిన భయపు ఆలోచనలను గుర్తించి మార్చుకునే మానసిక శిక్షణ మాత్రం బాధను తగ్గిస్తుందని పరిశోధనలలో తేలింది. దీనిని నేర్పే మానసిక వైద్య నిపుణులు ఉన్నారు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళడమంటే జబ్బు ఊహ అని ఒప్పుకోవడం కాదు. నిద్ర పట్టక, బతుకు మీద ఆశ పోతున్నట్టు అనిపిస్తే ఆ మాట వైద్యుడికి వెంటనే చెప్పాలి. దానికి మంచి చికిత్స ఉంది.

ఇదంతా నెలల మీద జరిగే పని. ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మధ్యలో జలుబు చేసినా, రెండు రాత్రులు నిద్ర లేకపోయినా వెనక్కు పోయినట్టు ఉంటుంది, తిరిగి సర్దుకుంటుంది. అందరికీ ఒకే మేరకు సాధ్యం కాదన్నది కూడా నిజం. చెక్ దేశపు సంగీత విద్వాంసుడు స్మెతానా 1874లో వినికిడి కోల్పోయాడు. తన చెవిలో మోగిన కీచు స్వరాన్ని 1876లో రాసిన వాద్య రచన చివరి భాగంలో వయొలిన్ చేత పలికించాడు. ఉల్లాసంగా సాగుతున్న సంగీతం మధ్యలో ఉన్నట్టుండి ఆ ఒక్క స్వరం సాగదీసినట్టు మోగుతుంది. మోత ఎలా ఉంటుందో ఇతరులకు వినిపించగలిగిన వాడు ఆయనే కావచ్చు.

మీ ఇంట్లోనో బడిలోనో ఇటువంటివారు ఉంటే, వినబడే చెవి వైపు నిలబడి మాట్లాడండి. ఒక చెవితో శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియదు. వెనక నుంచి పిలిచి, పలకలేదని చిన్నబుచ్చుకోకండి. రోడ్డు దాటేటప్పుడు మోత ఉన్న చెవి వైపు మీరు నడవండి. సమతాస్థితి నాడి కూడా పోయి ఉంటుంది కనుక చీకట్లో మెట్లు దిగేటప్పుడు చేయి అందించండి. హోరు ఎలా ఉందని మాత్రం అడగకండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి.

మీలో ఎవరికైనా, మీ పెద్దలకైనా ఒకే చెవిలో మోత మొదలై తగ్గకుండా ఉంటే, ఆ చెవిలో ఫోను మాటలు సరిగా వినబడకపోతే, చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించి వినికిడి పరీక్ష చేయించుకోండి. నూటికి తొంభై తొమ్మిది సార్లు గడ్డ ఉండదు. గుమిలి పేరుకోవడమో, పెద్ద శబ్దాల వల్ల రోమ కణాలు దెబ్బ తినడమో కారణమవుతుంది. గడ్డే ఉన్నా, చిన్నగా ఉన్నప్పుడు కనబడితే నాడిని కాపాడే అవకాశం ఎక్కువ.